ఏ ప్రాణిని అడగాలి?

తూత్తుకుడి నుండి తిరుచెందూరు వైపు బస్సులో వెళ్ళేటప్పుడు దారిపొడుగునా ఉప్పుమళ్ళు కనిపిస్తాయి. తమిళంలో వీటిని ఉప్పళాలంటారు. మన దేశంలో ఉప్పు పండించే రాష్ట్రాలలో గుజరాత్ తరువాతి స్థానం తమిళనాడుది. ఆ ఉప్పులో పెద్ద భాగం ఈ తీరం నుండే వస్తుంది. ఎండలో మడిలో నిలబడి పనిచేసే కూలీల చొక్కాలమీద సాయంత్రానికి తెల్లని చారలు కట్టి ఉంటాయి. ఆ చారలన్నీ మడిలోని ఉప్పువి కావు. కోవిల్పట్టి నల్లరేగడి చేలలో ప్రత్తి ఏరేవారి బట్టలమీద కూడా అవే చారలు చూడవచ్చు. అక్కడ సముద్రం లేదు గదా! అది వారి ఒంటినుండి వచ్చిన ఉప్పు.

చెమట గ్రంథి అడుగుభాగంలో చెమట పుట్టేటప్పుడు అది రక్తంలోని నీరంత ఉప్పగా ఉంటుంది. అక్కడి నుండి సన్నని నాళం గుండా చర్మం పైకి వస్తుంది. వచ్చే దారిలో నాళపు గోడలు ఆ ఉప్పులో చాలా భాగాన్ని వెనుకకు తీసికొంటాయి. శరీరం చేసే పొదుపు ఇది. ఈ పొదుపు లేకపోతే వైశాఖమాసపు ఎండలో ఒక్క పూట పనిచేసినా మనిషి సోలిపోతాడు.

కొందరు పిల్లల శరీరం ఈ పొదుపు చేయలేదు. అటువంటి బిడ్డ నుదుటిని తల్లి ముద్దు పెట్టుకొంటే ఉప్పగా తగులుతుంది. యూరపులో పాతకాలపు జనానికి ఈ జబ్బు పేరు తెలియదు గాని, ఒళ్ళు ఉప్పగా ఉన్న బిడ్డ ఎక్కువకాలం దక్కదని మాత్రం తెలుసు. ఈ వ్యాధినే నేడు సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటున్నారు. ఇది అంటువ్యాధి కాదు, పుట్టుకతో వచ్చేది. అసలు ముప్పు చెమటలో లేదు, లోపల ఉంది. ఊపిరితిత్తులలో శ్లేష్మం చిక్కగా, జిగటగా పేరుకొంటుంది. అందులో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. క్లోమం నుండి ప్రేగులోకి జీర్ణరసం వచ్చే దారి మూసుకొనిపోతుంది. బిడ్డ ఆకలిగా తింటూనే ఉంటుంది, చిక్కిపోతూనే ఉంటుంది.

ఉప్పుకూ శ్లేష్మానికీ ఏమి సంబంధం? ఊరగాయ పెట్టేటప్పుడు మీరు చూచే ఉంటారు. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచితే మరునాటికి ఊట ఊరుతుంది. ఎవరూ నీళ్ళు పోయలేదు. ఉప్పు ఉన్న వైపుకు ముక్కలోని నీరు తనంతట తానే వచ్చింది. మన ఊపిరి గొట్టాల లోపలి గోడ కూడా ఈ ఉపాయాన్నే వాడుకొంటుంది. గోడలోని కణాలు ఉప్పులో ఒక భాగమైన క్లోరైడును బయటికి పంపుతాయి. దాని వెంట నీరు వస్తుంది. ఆ పలుచని తడిమీద శ్లేష్మం జారుతూ, దుమ్మునూ సూక్ష్మజీవులనూ మోసుకొని గొంతువైపు పోతుంది. చేనిగట్టుకు మడవ ఎటువంటిదో, క్లోరైడు పోవడానికి కణం గోడలో ఉన్న ద్వారం అటువంటిది. ఊపిరి గొట్టంలో ఆ మడవ బయటికి పారిస్తుంది, చెమట నాళంలో లోపలికి పారిస్తుంది. మడవ పూడిపోతే ఒకచోట తడి ఆరిపోతుంది, మరొకచోట ఉప్పు వృథాగా పోతుంది.

ఇంత సంగతి తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది. 1938లో న్యూయార్కులో డొరొతీ ఆండర్సన్ అనే వైద్యురాలు ఈ వ్యాధిని మొదటిసారి విడిగా గుర్తించి వర్ణించారు. 1948లో ఆ నగరంలో తీవ్రమైన వడగాడ్పు వీచింది. వడదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో ఈ వ్యాధి ఉన్నవారే ఎక్కువగా కనిపించారు. ఎందుకని ఆలోచించిన పాల్ డి సాంత్ ఆగ్నీస్ అనే వైద్యుడు వారి చెమటను పరీక్షించి, అందులో ఉప్పు మితిమీరి ఉన్నట్లు 1953లో వెల్లడించారు. కొత్త పరికరమేదీ లేకుండా ఎండే ఈ వ్యాధి గుట్టు విప్పిందన్నమాట! 1983లో పాల్ క్వింటన్ అనే శాస్త్రజ్ఞుడు చెమట నాళపు గోడ గుండా క్లోరైడు పోవడం లేదని నిరూపించారు. ఆయనకే ఈ వ్యాధి ఉంది. 1989లో టొరంటోలోని లాప్ చీ సూయ్, జాక్ రియోర్డాన్, అమెరికాలోని ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు దోషమున్న జన్యువును ఏడవ క్రోమోజోముమీద కనుగొన్నాయి. క్లోరైడు ద్వారం 1480 పూసలు గుచ్చిన హారం వంటి మాంసకృత్తు. రోగులలో చాలామందికి అందులో 508వ పూస లేదు. ఒక్క పూస!

జన్యువు దొరికింది గనుక మందు ఇక ఎంతో దూరం లేదనుకొన్నారు. కాని ఆ మందును దేనిమీద పరీక్షించాలి? బ్రతికి ఉన్న బిడ్డ ఊపిరితిత్తిని కోసి చూడలేము. మేలు చేస్తుందో కీడు చేస్తుందో తెలియని రసాయనాన్ని బిడ్డకు ఇవ్వలేము. రోగికి బదులుగా మరొక దానిని నిలబెట్టి దానిని ప్రశ్నించాలి. ఆ నిలబడేదానిని నమూనా అంటారు. అది జంతువు కావచ్చు, కొన్ని కణాలు కావచ్చు, సూక్ష్మజీవి కూడా కావచ్చు. నమూనా ఎంపిక తప్పితే సంవత్సరాల శ్రమ వృథా అవుతుంది. అంతకంటె ప్రమాదమేమిటంటే, తప్పు జవాబు ఒప్పులాగా కనిపిస్తుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ సంగతి కాసేపు ఆపి, మన రాష్ట్రంలోనే, నీలగిరి కొండలమీద జరిగిన ఒక పాత ఉదంతం చూద్దాం.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయికి వచ్చారు. అక్కడ గర్భిణులైన పేద స్త్రీలు రక్తం తగ్గిపోయి చనిపోతున్నారు. వారు తినే తిండిలో ఏదో కొరవడిందని ఆమె అనుమానించారు. 1929లో కూనూరులోని పాశ్చర్ సంస్థకు వచ్చి, ఆ స్త్రీలు తినే తిండినే ఎలుకలకు పెట్టి చూచారు. గర్భంతో ఉన్న ఎలుకలకు రక్తం తగ్గింది. తిండిలో ఈస్టు కలిపితే తగ్గలేదు. చిక్కుముడి విడిపోయినట్లే కనిపించింది. కాని తరువాత ఆ ఎలుకల ఒంటిమీద పేలున్నట్లు తేలింది. ఎలుకలలో రక్తం తగ్గించే ఒక సూక్ష్మజీవిని ఆ పేలు మోసుకొనివస్తాయి. ఇక ఆ రక్తలోపం తిండివల్ల వచ్చిందా, పేలవల్ల వచ్చిందా? చెప్పడం ఎలా? ఎలుకల సాక్ష్యం చెల్లకుండా పోయింది.

మరొకరైతే పేల సంగతిని ఒక మూల చిన్న అక్షరాలలో వ్రాసి ముందుకు పోయేవారేమో. విల్స్ అలా చేయలేదు. బొంబాయికి తిరిగి వెళ్ళి కోతులను తెచ్చి అదే తిండి పెట్టి మళ్ళీ మొదలు పెట్టారు. కోతులకూ రక్తం తగ్గింది, ఈస్టుసారంతో కోలుకొన్నాయి. ఆ ఈస్టుసారాన్నే గర్భిణులకు ఇచ్చి వారు కోలుకోవడాన్ని 1931లో ప్రకటించారు.

ఈస్టులో ఉన్న ఆ మేలుచేసే పదార్థమేమిటి? దానిని శుద్ధిచేసి తీయడానికి నమూనాను మళ్ళీ మార్చవలసివచ్చింది. కాలేయం నుండి వందలకొద్దీ సారాలు తీసి, ఒక్కొక్కదానిని కోతిమీద పరీక్షిస్తూ పోతే జీవితకాలం చాలదు. అందుకు ఒక సూక్ష్మజీవి అక్కరకు వచ్చింది. పాలను పులియబెట్టే జాతికి చెందిన లాక్టోబాసిల్లస్ కేసీ ఆ పదార్థం లేనిదే పెరగదు. గాజునాళికలో అది ఎంత పెరిగితే అంత పదార్థం ఉన్నట్లు లెక్క. నెలల పని రోజులలోకి వచ్చింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో ఈ పరిశోధనకు నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టి, మదరాసులో వైద్యం చదివిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1945లో ఆయన బృందం ఆ పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉండేది అదే. కూనూరులోని ఆ పోషకాహార ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివెళ్ళి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది.

రక్తలోపం తిండివల్ల వస్తుందా అన్న ప్రశ్నకు కోతి కావలసివచ్చింది. ఈ సారంలో ఆ పదార్థం ఎంత ఉంది అన్న ప్రశ్నకు కంటికి కనిపించని సూక్ష్మజీవి చాలింది. ఇది గుర్తుంచుకొని మళ్ళీ మన కథలోకి వద్దాం.

1992లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో చిట్టెలుకలలో ఆ జన్యువును పనిచేయకుండా చేశారు. చిట్టెలుకను ఎన్నుకొనడానికి మంచి కారణాలే ఉన్నాయి. మూడు వారాలకు ఈనుతుంది, తక్కువ చోటులో పెరుగుతుంది, దాని జన్యువులను మార్చే పద్ధతి అప్పటికే తెలుసు. పిల్లలు పుట్టాయి. చాలావాటికి ప్రేగులు మూసుకొనిపోయి చనిపోయాయి. వ్యాధి ఉన్న కొందరు శిశువులకూ ఇలాగే జరుగుతుంది గనుక నమూనా కుదిరిందనే అనిపించింది. బ్రతికినవాటి ఊపిరితిత్తులు చూచారు. శుభ్రంగా ఉన్నాయి! రోగులను బలిగొనే ఊపిరితిత్తుల జబ్బు వాటికి తనంతట తాను రానేలేదు.

చిట్టెలుక అబద్ధం చెప్పలేదు. ప్రేగుల విషయంలో అది చెప్పినది నేటికీ పనికివస్తున్నది. ఊపిరితిత్తుల విషయంలో దానికీ మనకూ తేడా ఉంది. దాని ఊపిరి గొట్టాలలో క్లోరైడు పోవడానికి మరొక ద్వారం బలంగా పనిచేస్తుంది. ఒక మడవ పూడితే రెండవది ఆదుకొంటుంది. మనిషి ఊపిరి గొట్టాల నిండా ఉండే శ్లేష్మగ్రంథులు చిట్టెలుకకు గొంతు దగ్గర తప్ప దాదాపు లేవు.

మందు వెదికేవారు జంతువులను కాక కణాలను పట్టుకొన్నారు. ఎలుక థైరాయిడ్ గ్రంథి నుండి తీసిన ఒక జాతి కణాలకు ఇటువంటి క్లోరైడు ద్వారం స్వంతంగా లేదు. అందులో మనిషి జన్యువును పెడితే, కనిపించే ప్రతి మార్పూ పెట్టినదానిదే అని నమ్మకంగా చెప్పవచ్చు. తెల్లని పలకమీద వ్రాసినట్లు. ఊపిరితిత్తి గురించి చదవడానికి థైరాయిడ్ కణమా అని నవ్వు రావచ్చు గాని, అక్కడి ప్రశ్న ఊపిరితిత్తిని గూర్చినది కాదు, ద్వారాన్ని గూర్చినది. కణాలమీద రెండు లక్షలకు పైగా రసాయనాలను జల్లెడపట్టి, ఆ తరువాత ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన రోగుల పాత ఊపిరితిత్తుల నుండి తీసిన కణాలమీద సరిచూచారు. అలా తేలినదే ఐవకాఫ్టార్ అనే మందు. 2012లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. ద్వారం తన చోటులో ఉండి కూడా తెరచుకోని ఒక రకం దోషం ఉన్నవారికి అది మేలుచేసింది. చిట్టెలుక స్వంత ద్వారంమీద ఈ మందు పనిచేయదని తరువాత తెలిసింది. మొదటనే చిట్టెలుకను అడిగి ఉంటే, ఆ మందు చెత్తబుట్టలోకి పోయేది.

కణాలు కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పలేవు. వైద్యులను ఏళ్ళ తరబడి వేధించిన ప్రశ్న ఒకటుంది. ఊపిరితిత్తులలో మొదట వాపు వచ్చి ఆ తరువాత సూక్ష్మజీవులు చేరుతాయా, లేక సూక్ష్మజీవులు చేరినందువల్ల వాపు వస్తుందా? వైద్యం దేనితో మొదలుపెట్టాలన్నది ఈ జవాబుమీద ఆధారపడి ఉంటుంది. రోగి ఆసుపత్రికి వచ్చేసరికే రెండూ ఉంటాయి. పుట్టిన క్షణం నుండి చూడగలిగిన ఊపిరితిత్తి కావాలి. అది మనిషి ఊపిరితిత్తిని పోలి ఉండాలి.

అందుకని పందిని ఎన్నుకొన్నారు. అయోవా, మిస్సోరీ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు ఆ జన్యువు పనిచేయని పందిపిల్లలను 2008లో ప్రకటించారు. పంది పెద్దది, పెంచడం ఖర్చు, జన్యువును మార్చడం కష్టం. పైగా ఆ పిల్లలన్నీ ప్రేగులు మూసుకొనే పుట్టాయి, శస్త్రచికిత్స చేయనిదే బ్రతకవు. జంతువుకు ఇంత బాధ కలిగించే ప్రయోగానికి తగిన ప్రశ్న చేతిలో ఉండాలి. మన దేశంలోనైతే ఇటువంటి ప్రయోగాలకు జంతుహింసా నివారణ చట్టం క్రింద ఏర్పడిన సంఘం అనుమతి తప్పనిసరి. అయోవావారి చేతిలో ప్రశ్న ఉంది. జవాబూ వచ్చింది. పుట్టినప్పుడు ఆ పందిపిల్లల ఊపిరితిత్తులలో వాపు లేదు. కాని లోపలికి వచ్చిన సూక్ష్మజీవులను అవి తుదముట్టించలేకపోయాయి. నెలలు గడిచేకొద్దీ మనిషికి వచ్చే జబ్బే వచ్చింది. అంటే వాపుకంటె ముందే రక్షణలో లోపముంది.

ఎందుకు తుదముట్టించలేదు? చిన్న బంగారు జాలిముక్కలకు సూక్ష్మజీవులను అతికించి, పందిపిల్లల ఊపిరి గొట్టంలో నిమిషంపాటు ఉంచి తీసి, ఎన్ని చచ్చాయో లెక్కించారు. ఆరోగ్యమైన పిల్లలలోకంటె తక్కువ చచ్చాయి. ఆ మడవ క్లోరైడును మాత్రమే కాదు, బైకార్బనేటును కూడా పోనిస్తుంది. వంటసోడాలో ఉండేది అదే, ఆమ్లాన్ని విరిచేది అదే. అది రాకపోవడం వలన గొట్టంలోని తడి ఆమ్లగుణం పొందింది. ఆమ్లంలో మన శరీరపు సహజ క్రిమినాశకాలు సరిగా పనిచేయవు. ఇది 2012లో ప్రకటితమైంది.

అప్పుడు ఎవరో చిట్టెలుకను మళ్ళీ తలచుకొన్నారు. ద్వారం పూడిపోయినా దానికెందుకు జబ్బు రాలేదు? 2016లో జవాబు దొరికింది. మనిషి ఊపిరి గొట్టంలోను, పంది గొట్టంలోను ఆమ్లాన్ని తడిలోకి తోసే ఒక పంపు ఉంది. చిట్టెలుకకు అది బహు తక్కువ. బైకార్బనేటు రాకపోయినా ఆమ్లం తోసేది లేదు గనుక దాని గొట్టంలో తడి పాడుకాదు. ఇరవైనాలుగేళ్ళ క్రితం పనికిరాదన్న నమూనా, ఆ పంపును ఆపగలిగితే మేలు కలుగవచ్చునన్న దారి చూపింది. నాకైతే ఈ కథ అంతటిలోనూ మిక్కిలి నచ్చిన మలుపు ఇదే.

ఫెర్రెట్ అనే ముంగిసవంటి జంతువును కూడా అయోవాలోనే నమూనాగా తయారుచేశారు. దాని పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు త్వరగా వస్తుంది. పందికంటె చిన్నది గనుక సాకడం తేలిక.

చివరకు నమూనా రోగి దగ్గరకే వచ్చింది. 2013లో నెదర్లాండ్సులోని ఉట్రెక్ట్ నగరపు శాస్త్రజ్ఞులు రోగి పెద్దప్రేగు చివర నుండి గోరు కొనంత పొర తీసి, అందులోని మూలకణాలను గాజుపళ్ళెంలో పెంచారు. అవి బోలుగా ఉండే చిన్నచిన్న బుడగలుగా పెరిగాయి. వీటిని ఆర్గనాయిడ్లు అంటారు. ద్వారం తెరిపించే ఒక రసాయనం కలిపితే ఆరోగ్యవంతుల బుడగలు గంటలోనే నీరు చేరి ఉబ్బుతాయి. ఊరగాయ ఊటే ఇక్కడా! రోగుల బుడగలు ఉబ్బవు. మందు వేసిన తరువాత ఉబ్బితే ఆ మందు ఆ మనిషికి పనికివచ్చే అవకాశముంది. అరుదైన దోషం ఉన్న ఒక్క రోగి కోసం పందులను పెంచలేము గాని, వాని బుడగలను పెంచవచ్చు.

ఇది మనకు ముఖ్యం. మన దేశంలో ఈ వ్యాధి లేదని చాలాకాలం అనుకొనేవారు. భారతీయ పిల్లలలో దీనిని గుర్తించి వ్రాసిన వైద్యులు 1960లలోనే ఉన్నారు. అయినా మాటిమాటికీ న్యుమోనియా వచ్చే బిడ్డను క్షయ అనో, చిక్కిపోయిన బిడ్డను తిండిలేమి అనో అనుకొని వదిలివేయడం నేటికీ జరుగుతున్నది. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కొక్క దోషపు జన్యువు ఉండి, అవి రెండూ బిడ్డకు చేరితేనే వ్యాధి వస్తుంది. మనవారిలో మేనరికాలు ఎక్కువ గనుక అటువంటి కలయికకు అవకాశం హెచ్చు. మన రోగులలో 508వ పూస పోయినవారి పాలు యూరపులోకంటె తక్కువ, ఇతర దోషాలు ఎక్కువ. ఆ పూస పోయినవారి కోసం 2019లో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల మాత్రకు అక్కడ సంవత్సరానికి రెండు కోట్ల రూపాయలకు పైగా ధర పెట్టారు. మన రోగులలో ఎవరికి ఏ మందు పనిచేస్తుందన్నది ఇక్కడి రోగుల కణాలనే అడిగి తెలిసికోవాలి.

దానికంటె ముందు రోగిని గుర్తించాలి గదా. అందుకు పంది అక్కరలేదు, బుడగలు అక్కరలేదు. వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల వంటి చోట్ల బిడ్డ ముంజేతిమీద మందు రాసి, నొప్పిలేని కొద్దిపాటి విద్యుత్తుతో చెమట పట్టించి, అరగంటసేపు సేకరిస్తారు. ఆ చెమటలో లీటరుకు 60 మిల్లీమోలులు గాని, అంతకు మించి గాని క్లోరైడు ఉంటే వ్యాధి ఉన్నట్లు భావించి, మరల పరీక్షించి, జన్యువును చూస్తారు.

ప్రశ్నలు

1. లూసీ విల్స్ ఎలుకలను విడిచి కోతులను ఎందుకు ఎన్నుకొన్నారు? ఆమె స్థానంలో మీరుంటే పేల సంగతి తెలిసిన తరువాత ఏమి చేసేవారు?

2. ఊరగాయ ఊటకూ, ఊపిరి గొట్టంలోని తడికీ పోలిక ఏమిటి? ఈ పోలిక ఎక్కడ సరిపోదో ఆలోచించండి.

3. చిట్టెలుకకు ఊపిరితిత్తుల జబ్బు రాకపోవడం వలన శాస్త్రజ్ఞులు తెలిసికొన్నదేమిటి?

4. ఒక నాటుమందు దగ్గును తగ్గిస్తుందని మీ ఊరిలో చెప్పుకొంటారనుకోండి. దానిని పరీక్షించడానికి ముందు ఏ ప్రశ్న వేసుకోవాలి? ఆ ప్రశ్నకు ఏ నమూనా తగినది? మీ ఉపాధ్యాయునితో చర్చించి ఒక పుట వ్రాయండి.